టిక్కుమనే డిస్కు

వదినగారి సంచీ సర్దడం మేస్త్రి భార్యకు ఇది మూడోసారి. స్వెట్టర్లు అడుగున పెడితే మందులు పైకొచ్చి నలుగుతున్నాయి. మందులు అడుగున పెడితే రాత్రి బండిలో వదిన వెతుక్కోవాలి. సర్దుతుంది, జిప్పు వేస్తుంది, ఏదో మర్చిపోయానని మళ్ళీ జిప్పు తీస్తుంది. నిజానికి మర్చిపోయిన వస్తువేదీ లేదు. చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. అదే ఏ అరలోనూ పట్టడం లేదు.

ఆ మాట సంగతి ఇది. భర్త వాచీలు బాగుచేస్తాడు. వీధిలో అందరికీ ఆయన వాచీల మేస్త్రి. నెల కిందట ఒక సాయంత్రం వరండాలో, మసక వెలుతురులో, కళ్ళు చికిలించుకుని ఆయన పని చేసుకుంటుంటే ఆమెకు జాలేసింది. "మీ అక్కగారి గది ఖాళీగా ఉండి ఉంటే మీ బల్ల అక్కడ వేసుకునేవారు. వెలుతురు బాగుంటుంది" అంది. ఊరికే అంది. అని వెనక్కి తిరిగితే గుమ్మంలో వదిన మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. ఆవిడ నీళ్ళు తాగి గ్లాసు కడిగి బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. నాలుగో రోజున మాత్రం, కొండమీది ఊళ్ళో ఉన్న స్నేహితురాలి దగ్గరకు వెళ్తున్నానని, ఆర్నెల్లు అక్కడే ఉండి మొక్కల పుస్తకం పూర్తి చేసుకుంటానని చెప్పింది.

ఇరవై రెండేళ్ళు ఒకే పొయ్యి మీద వంట తిన్న మనిషి. ఆ మనిషి బండి ఎక్కేలోగా "నేనన్నది ఆ ఉద్దేశంతో కాదు వదినా, ఆ గది మీదే" అని ఒక్క ముక్క చెప్పాలి. చెప్పడానికి అర నిమిషం చాలు. నెలరోజులుగా ఆ అర నిమిషమే దొరకడం లేదు.

వదిన బడిలో మొక్కల పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. కనపడిన ప్రతి ఆకుకూ ఫొటో తీయడం ఆవిడ అలవాటు. అలా ముప్ఫై ఏళ్ళలో పదకొండు వేల ఫొటోలయ్యాయి. అవన్నీ ఆవిడ లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆ లాప్‌టాప్ తెరిస్తే పిండిమర ఆడినట్టు ఉంటుంది.

"బండి నాలుగు పదికి. మూడింటికి బయల్దేరితే సరిపోతుంది" అంది వదిన ఆ ఉదయం. "ఒరేయ్ తమ్ముడూ, ఈ లాప్‌టాప్ నాకంటే ముసలిదిరా. ఎప్పుడు గుటుక్కుమంటుందో తెలీదు. ఒక నమ్మకమైన డిస్కు కొని నా ఫొటోలన్నీ అందులోకి ఎక్కించు."

"ఎంతసేపక్కా! పదింటికి తెస్తా, పన్నెండింటికి ఎక్కించేస్తా, ఒంటిగంటకి భోంచేస్తాం" అన్నాడు మేస్త్రి.

ఆయన అటు వెళ్ళగానే వదిన గదిలోకి వెళ్ళి చెప్పేద్దామని భార్య అనుకుంది. గుమ్మం దాటిన మేస్త్రి వెనక్కి వచ్చాడు.

"నువ్వూ రా. ఒక్కణ్ణే వెళ్తే వాడేదో అంటగడతాడు."

"డిస్కుల గురించి నాకేం తెలుసండీ?"

"తెలియక్కర్లేదు. పక్కన ఆడమనిషి మొహం చిట్లించుకుని నిలబడితే కొట్టువాడికి భయం ఉంటుంది."

"నేనెందుకు చిట్లించుకుంటాను?"

"నువ్వు మామూలుగా నిలబడు చాలు."

దారిలో కూతురు ఆఫీసు నుంచి ఫోను చేసింది. "నాన్నా, లోపల తిరిగే భాగాలు లేనిది తీసుకో. చిన్నగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు, కింద పడినా తట్టుకుంటుంది. ఇంకోటి, ఎంత మంచి డిస్కైనా ఒక్కదాన్నే నమ్మకూడదు. ఫొటోలు ఎప్పుడూ రెండు చోట్ల ఉండాలి. వింటున్నావా?"

"నలభై ఏళ్ళు యంత్రాలతో కాపురం చేసినవాణ్ణమ్మా. నాకు చెప్తావా?" అని మేస్త్రి ఫోను జేబులో వేసుకున్నాడు.

కంప్యూటర్ల కొట్టు వీధి చివరే. కొట్టాయన అగ్గిపెట్టె అంత డిస్కు ఒకటి తీసి అద్దం మీద పెట్టాడు. మేస్త్రి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపటికి తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేశాడు.

"పోయింది."

"ఏం పోయింది మేస్త్రిగారూ?"

"ఇదే. ప్రాణం లేదు."

"కొత్తదండీ! ఇప్పుడే డబ్బా విప్పాను!"

"పాపం, పుట్టుకతోనే పోయింది."

కొట్టాయన దాన్ని కంప్యూటరుకు తగిలించి నీలం లైటు చూపించాడు. "లైటుదేముందయ్యా, మా వీధి స్తంభానికీ వెలుగుతుంది" అన్నాడు మేస్త్రి. "చప్పుడు లేనిదాన్ని జనం నా దగ్గరకి బాగుచెయ్యమని తెస్తారు. నేను చప్పుడు తెప్పించి పంపిస్తాను. నువ్వేమో చప్పుడు లేకపోవడమే గొప్పంటున్నావు."

కొట్టాయన లోపల పళ్ళేలు తిరిగే రకం ఇంకోటి తీశాడు. అది సన్నగా గుర్రుమంది. "మూలుగుతోంది" అన్నాడు మేస్త్రి. అప్పుడు ఆయన చెవికి మూలబల్ల మీది నుంచి ఒక శబ్దం తగిలింది. టిక్... టిక్... టిక్. పాత కంప్యూటరుకు తగిలించిన నల్లడబ్బా ఒకటి, గుర్రుమనే దానికి అచ్చం తోబుట్టువులా ఉంది. మేస్త్రి మొహం వెలిగిపోయింది.

"అదీ! అదీ డిస్కంటే! సెకనుకి ఒకటి, తూచినట్టు కొడుతోంది. అది ఇవ్వు."

"అది అమ్మేది కాదండీ. పళ్ళ డాక్టరుగారిది. పాడైంది."

"పాడైనదేనా ఇంత ఠంచనుగా కొట్టేది?"

"అలా కొట్టడమే పాడవడమండీ!"

మేస్త్రి భార్య వైపు ఒరిగి గొంతు తగ్గించాడు. "చూశావా, మంచి సరుకు డాక్టర్ల కోసం దాచాడు. మూలిగేది మనకంటగడుతున్నాడు."

చివరికి మూలిగేదే తీసుకున్నారు. కొట్టాయన రసీదు పుస్తకం కోసం లోపలికి వెళ్ళాడు. ఆ కాస్త వ్యవధిలో మేస్త్రి మూలబల్ల దగ్గరకు వెళ్ళి టిక్కుమనే దాన్ని పీకి కొత్తదాని డబ్బాలో పెట్టి, మూలిగేదాన్ని దాని చోట తగిలించి వచ్చాడు. నలభై ఏళ్ళుగా చిన్నచిన్న చక్రాలు మార్చిన చేతులు. చీమకైనా తెలియలేదు.

"ఏవండీ, తప్పండీ" అంది భార్య.

"డాక్టరుకి కొత్తది వెళ్తుంది. ఎవరికి నష్టం?"

గట్టిగా అరిచి ఉండాల్సింది. కానీ అప్పటికే పదకొండు కావస్తోంది. అరిస్తే ఇంకో గంట గొడవ. ఇంటి దగ్గర వదిన ఒక్కతే ఉంది. నోరు మూసుకుంది. విప్పాల్సిన చోట మూసుకోవడం ఆమెకు మొదటినుంచీ ఉంది. మూసుకోవాల్సిన చోట విప్పడమే నెల కిందట కొత్తగా మొదలైంది.

ఇంటికొచ్చి డిస్కును లాప్‌టాప్‌కు తగిలిస్తే, ఇందులో ఉన్నవి తుడిచెయ్యనా అని తెర మీద అడిగింది. కంపెనీవాళ్ళు పెట్టిన చెత్తేదో ఉంటుందిలే అని మేస్త్రి సరే అని నొక్కాడు. తర్వాత ఫొటోలకు నకలు తీయాలా, లేక ఇక్కడ తీసేసి అక్కడ పెట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. మేస్త్రి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తీసేసి పెట్టడమే."

"రెండు చోట్ల ఉండాలని అమ్మాయి చెప్పింది కదండీ" అంది భార్య.

"ఉంటాయి. ముందు అక్కడున్నాయి, తర్వాత ఇక్కడుంటాయి. రెండు చోట్లు అవలేదూ? చూడూ, ఒకే వాచీ రెండు డ్రాయర్లలో ఉందంటే ఆ కొట్టు మూసుకోవాల్సిందే. ఈ డ్రాయరు ఖాళీ చేస్తేనే ఆ డ్రాయరు నిండాలి. నా కొట్లో ఇప్పటిదాకా ఒక్క వాచీ పోలేదు."

డిస్కు టిక్కుటిక్కుమంటూ ఫొటోలు మింగుతోంది. మేస్త్రి దాని పక్కనే కుర్చీ వేసుకుని పాట వింటున్నట్టు కూర్చున్నాడు. ఇదే సమయమని భార్య వదిన గదిలోకి వెళ్ళింది. వదిన మంచం మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"వదినా..."

"ఏమే?"

"ఇంకో స్వెట్టరు పెట్టనా?"

"మూడున్నాయి. నాకున్నది ఒక్కటే ఒళ్ళు."

మేస్త్రి భార్య మంచం చివర కూర్చుంది. లేచి కిటికీ తెర సర్దింది. మళ్ళీ కూర్చుంది. "అది కాదు వదినా. ఆ రోజు సాయంత్రం నేను..."

"ఏమేవ్!" హాల్లోంచి కేక. "ఒకసారి రా! అక్క వద్దు, నువ్వు!"

వెళ్ళేసరికి మేస్త్రి డిస్కును చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. టిక్కు ఆగిపోయింది. ఎనిమిది వేల ఫొటోలు అవతలి డ్రాయరులోకి వెళ్ళాయి. ఇవతలి డ్రాయరులో మూడు వేలు మిగిలాయి. అవతలి డ్రాయరు తెరుచుకోవడం లేదు.

"అక్కకి చెప్పకు. గుండాగి చస్తుంది" అన్నాడు మేస్త్రి.

"మరేం చేస్తారు?"

"ఆగిపోయినదాన్ని ఏం చేస్తాం? విప్పుతాం."

వరండా బల్ల మీద గుడ్డ పరిచాడు, కంటికి అద్దం తగిలించుకున్నాడు, సన్న స్క్రూడ్రైవరుతో ఆరు మరలు తీశాడు. లోపల నిలువుటద్దంలా మెరిసే పళ్ళెం ఒకటి కనిపించింది. అంత అందమైన పనితనం ఆయన ఎప్పుడూ చూడలేదు. దాని మీద వెంట్రుకంత గీత ఒకటి చూసి, నోటితో ఆవిరి ఊది, వాచీ అద్దాలు తుడిచే మెత్తటి తోలుముక్కతో నాలుగుసార్లు శ్రద్ధగా తుడిచాడు.

అప్పుడే కొట్టాయన గేటు తోసుకుని వచ్చాడు. చేతిలో ఫోను మోగుతోంది.

"మేస్త్రిగారూ, డాక్టరుగారి డిస్కు మీరు పట్టుకొచ్చారా? అందులో ఆయన పేషంట్ల పళ్ళ ఫొటోలున్నాయండీ! కుర్చీలో మనిషిని నోరు తెరిపించి కూర్చోబెట్టి ఏ పన్ను పీకాలో నన్నడుగుతున్నాడాయన!" అంటూనే బల్ల వైపు చూసి ఆగిపోయాడు. "అది... మూత తీశారా?"

"తీయకపోతే లోపల ఎలా కనిపిస్తుంది?"

"చేత్తో ముట్టుకున్నారా?"

"ఛ! చేత్తో ఎందుకు ముట్టుకుంటాను? తోలుతో తుడిచాను."

కొట్టాయన వరండా మెట్టు మీద కూలబడ్డాడు. ఊరి రెండో చివర ఒకాయన ఉన్నాడు, చెడిపోయిన డిస్కుల్లోంచి సరుకు బయటికి తీస్తాడు, ఇక ఆయనే దిక్కు అన్నాడు. తన దగ్గర సామాను వేసే చిన్న వ్యాను ఉంది, వెంటనే బయల్దేరాలి. మేస్త్రి విప్పిన డిస్కును దుమ్ము పడకుండా స్టీలు డబ్బాలో పెట్టి మూత వేయబోయాడు. మూత డబ్బా అంచుకు తగిలి టకటకమంది.

"నువ్వు పట్టుకో" అన్నాడు భార్యతో. "నా చేతులు వణుకుతున్నాయి."

పెళ్ళైనప్పటినుంచీ ఆ చేతులు వణకడం ఆమె చూడలేదు. డబ్బా తీసుకుంది. హాల్లోకి వదిన వచ్చింది.

"ఎక్కడికే ఇద్దరూ, వడ్డించే వేళకి?"

"ఇక్కడికే వదినా. డిస్కుకి కవరు కొనుక్కొస్తాం."

"కవరుకి ఇద్దరెందుకే?"

"సైజు చూడాలట. పావుగంటలో వచ్చేస్తాం. మీరు భోంచేసెయ్యండి."

వదిన ఆమె చేతిలోని స్టీలు డబ్బా వైపు, తమ్ముడి మొహం వైపు చూసింది. ఏదో అనబోయి మానుకుంది. అడిగి ఉంటే మేస్త్రి భార్య అక్కడికక్కడే అంతా చెప్పేసేది. డిస్కు సంగతీ, గది సంగతీ. వదిన అడగలేదు. "త్వరగా రండి" అంది.

వ్యానులో ముందు మేస్త్రి, కొట్టాయన. వెనక సామాను మధ్య ఒళ్ళో డబ్బాతో ఆమె. గతుకు వచ్చినప్పుడల్లా డబ్బాను గుండెలకు హత్తుకుంది. రెండుసార్లు రైల్వే గేటు పడింది. తన ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉందని సగం దారిలో గుర్తొచ్చింది. కాసేపటికి మేస్త్రి ఫోను మోగింది.

"అక్క" అన్నాడు మేస్త్రి.

"ఎత్తండి."

"ఎత్తి ఏం చెప్పను? నీ ముప్ఫై ఏళ్ళు తుడిచేశానని చెప్పనా?"

మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. మొత్తం ఏడుసార్లు. ఏడోసారి ఆమె ముందుకు వంగి చెయ్యి చాపితే మేస్త్రి ఫోను షర్టు లోపల వేసుకున్నాడు.

డిస్కుల్లోంచి సరుకు తీసే ఆయన తెల్లకోటు వేసుకుని, చేతులకు తొడుగులతో డబ్బా మూత తీశాడు. దీపం కింద చాలాసేపు చూశాడు.

"ఎవరు తుడిచారు?"

మేస్త్రి, కొట్టాయన, మేస్త్రి భార్య, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చాలా శుభ్రంగా తుడిచారు" అన్నాడాయన. "ఏమీ మిగల్లేదు."

"మరి మా డాక్టరుగారి పళ్ళు?" అన్నాడు కొట్టాయన నీరసంగా.

"అదేమిటండీ? ఆ డిస్కులోంచి ఇంకేమీ రాదని పోయిన వారమే మీకు చెప్పాను కదా. ఆయనతో అనలేదా?"

కొట్టాయన నేల చూశాడు. "అందామనే అనుకున్నానండీ. ఆయనకి కోపం ఎక్కువ. సమయం చూసి చెబుదామని..."

మేస్త్రి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. అక్క మొహం ఎలా చూడనని గొణుక్కున్నాడు. భార్యకు ఆ ఫొటోలు పోయాయన్న బాధ ఒకటి, గడియారం బాధ ఒకటి. "టైమెంతైందండీ?" అంది.

మేస్త్రి చొక్కా చెయ్యి పైకి లాగాడు. బాగుచేసిన వాచీలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడటానికి ఆయన ఎప్పుడూ రెండు మూడు చేతికే పెట్టుకుంటాడు. ఒకటి మూడూ నలభై అంది. ఒకటి మూడుంబావు అంది. ఇంకోటి మూడూ అయిదు.

"ఏది నమ్మాలి?"

"మూడూ అయిదుది హెడ్మాస్టరుగారిది. బడి నడిపే మనిషి. అదే నమ్ముదాం. ఇంకా గంట పైనే ఉంది. సరాసరి స్టేషనుకే పోదాం, అక్క కాళ్ళ మీద పడతాను."

స్టేషను ముందు వ్యాను దిగేసరికి పెద్ద గడియారం నాలుగూ ఇరవై రెండు చూపిస్తోంది. ప్లాట్‌ఫారం ఊడ్చుకుంటున్న మనిషి తప్ప అక్కడ ఎవరూ లేరు. పెద్దావిడ ఒకరు ఎక్కారా అని మేస్త్రి భార్య అతన్ని అడిగింది. "ఎక్కారమ్మా. చివరిదాకా మెట్టు మీదే నిలబడ్డారు. ఎవరో రావాలన్నట్టు గేటు వైపే చూశారు. సంచీ నేనే అందించాను" అన్నాడు. సంచీ బరువుగా ఉందా అని అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియలేదు.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆమె మేస్త్రి షర్టులో చెయ్యి పెట్టి లాక్కుంది.

"ఎక్కడ చచ్చారే ఇద్దరూ?" బండి చప్పుడు మధ్య వదిన గొంతు. "మూడున్నర దాకా చూసి టాక్సీ పిలుచుకున్నాను. ఒక్కళ్ళూ ఫోను ఎత్తరేం?"

"వదినా, డిస్కు..."

"పోయిందా?"

"మీకెలా తెలుసు?"

"వాడు పన్నెండేళ్ళప్పుడు నా రేడియో బాగుచేశాడు. అప్పట్నుంచీ తెలుసు." వదిన నవ్వింది. "ఏడవకండి. ఫొటోలన్నీ నా చేతిసంచీలో ఉన్నాయి. పోయిన వారమే మీ అమ్మాయి నాకొకటి కొనిచ్చింది. వేలెడంత ఉంది, చప్పుడూ లేదు పాడూ లేదు. వాడికి చెబితే చిన్నబుచ్చుకుంటాడని చెప్పలేదు."

"మరి ఇంకోటి ఎందుకు అడిగారు వదినా?"

"రెండు చోట్ల ఉండాలందిగా అమ్మాయి. ఒకటి నా దగ్గర, ఒకటి ఇంట్లో. ఈ రోజే అవ్వాలని నేనెప్పుడన్నానే? వచ్చే నెల ఎక్కించినా సరిపోయేది."

మేస్త్రి బెంచీ మీద కూర్చుని నవ్వడమో ఏడవడమో తెలియని శబ్దం చేశాడు. కొట్టాయన దూరంగా నిలబడి డాక్టరుగారితో "అయ్యా, ఒక మాట" అని మొదలుపెట్టాడు. మేస్త్రి భార్య ఫోను రెండు చేతులతో పట్టుకుంది. వదిన "ఇంట్లో" అంది. "తమ్ముడి ఇంట్లో" అనలేదు, "మీ ఇంట్లో" అనలేదు. ఇంతకంటే మంచి సమయం ఇక రాదు.

"వదినా, ఆ గది గురించి నేనన్న మాట..."

"గదా? మర్చిపోయాను చెప్పడం. నా సామానంతా మూలకి జరిపి దుప్పటి కప్పాను. వాడి బల్ల వేసుకోండి. నువ్వన్నది నిజమేనే, వెలుతురు అక్కడే బాగుంది."

"అది కాదు వదినా, నా ఉద్దేశం అది కాదు..."

ఫోనులో గాలి చప్పుడు వినిపించింది, తర్వాత అదీ లేదు. బండి ఏ సొరంగంలోకో వెళ్ళి ఉంటుందన్నాడు మేస్త్రి.

మళ్ళీ చేసి చెప్పొచ్చు. ఆ రాత్రి చేసింది కూడా. వదిన క్షేమంగా చేరానంది, చలిగా ఉందంది, స్వెట్టర్లు మూడూ ఒకేసారి వేసుకున్నానంది. గది మాట రాలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం మాట్లాడుకున్నారు. ఆకులు, మోకాళ్ళు, వాన, పుస్తకంలో ఎన్ని పేజీలయ్యాయి, పళ్ళ డాక్టరు కొట్టాయనతో మాట్లాడటం మొదలుపెట్టాడా లేదా, అన్నీ మాట్లాడుకున్నారు. ఇలాంటి మాట ఫోనులో చెప్పేది కాదని, ఎదురుగా కూర్చుని చెప్పాలని మేస్త్రి భార్య నిశ్చయించుకుంది. ఆర్నెల్లే కదా. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాటను నెమ్మదిగా పైకి అనుకుని చూసుకునేది. సెప్టెంబరుకల్లా ఎక్కడా తడబడకుండా వచ్చింది.

వదిన నవంబరు ఇరవయ్యో తేదీ బండికి టికెట్టు కొనుక్కుంది. తొమ్మిదో తేదీ, ఆదివారం, తెల్లవారుజామున అక్కడే నిద్రలో పోయింది, తిరిగి రాలేదు.